ఫించ్‌ల జతకు ఉప్పు, కాల్షియం: ఒకే దిమ్మలో ఎందుకు కలపకూడదు

క్లుప్తంగా: ఫించ్ అంటే పంజరాల్లో పెంచే, గింజలు తినే చిన్న పక్షి. గుడ్లు పెట్టే ఆడ ఫించ్‌కు గింజల్లో దాదాపు దొరకని ఖనిజం కాల్షియం. దాని అవసరం పెద్దది, పైగా కొద్ది రోజుల్లోనే వచ్చిపడుతుంది. ఉప్పు లోటు కూడా నిజమే కానీ చాలా చిన్నది, ఎగ్ ఫుడ్ (ఉడికించిన కోడిగుడ్డు నలిపి చేసే మేత) పెడితే చాలావరకు తీరిపోతుంది. ఈ రెండింటినీ ఒకే దిమ్మలో, ఒకే పొడిలో కలిపి ఇస్తే, కావలసింది కావలసినంత ఏరుకునే వీలు పక్షికి ఉండదు. కాల్షియం ఎంత తిన్నా డి3 విటమిన్ లేకపోతే అది ఒంటికి పట్టదు.

గందరగోళం ఎక్కడ

జీబ్రా ఫించ్‌లనో, బెంగలీస్ ఫించ్‌లనో జత కట్టించి గూడు పెట్టగానే సలహాలు మొదలవుతాయి. ఉప్పు దిమ్మ వేలాడదీస్తేనే గుడ్లు బాగా వస్తాయని ఒకరు అంటారు. చిన్న పక్షికి ఉప్పు విషమని, దగ్గరికే రానివ్వొద్దని మరొకరు అంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది, అందుకే కొత్తగా పెంచేవాళ్లు ఎటూ తేల్చుకోలేరు. అంగట్లో దొరికే మినరల్ బ్లాక్‌లు, అంటే పక్షి గీక్కోవడానికి పంజరంలో కట్టే ఖనిజాల దిమ్మలు, ఈ అయోమయాన్ని ఇంకాస్త పెంచుతాయి. చాలావాటిలో సున్నపురాయి పొడి, ఉప్పు, అయోడిన్, రంగు, బంక అన్నీ కలిసే ఉంటాయి. పక్షి దాన్ని గీకుతుంటే కాల్షియం కోసమా, ఉప్పు కోసమా, లేక ఊరికే ముక్కు నూరుకోవడానికా అన్నది బయటినుంచి చూస్తే తెలియదు.

ఈ చిక్కు విప్పాలంటే రెండు ఖనిజాలనూ విడివిడిగా చూడాలి. ఒకదాని అవసరం పెద్దదైతే, రెండోదాని లెక్క చిటికెలో పదో వంతు కూడా కాదు.

గింజలో ఉన్నదీ లేనిదీ

పంజరంలోని ఫించ్‌ల రోజువారీ తిండి ఎక్కువగా కొర్రలు, వరిగలు, గడ్డి గింజలు. వీటిలో పిండిపదార్థం దండిగా ఉంటుంది. పొటాషియం, మెగ్నీషియం, ఫాస్ఫరస్ కూడా చాలినంత దొరుకుతాయి. లేనివి ముఖ్యంగా రెండు. కొర్రలు, వరిగల్లో 100 గ్రాములకు కాల్షియం సుమారు 15 నుంచి 30 మిల్లీగ్రాములు మాత్రమే. సోడియం ఇంకా తక్కువ, ఐదు మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. మొక్కలు బతకడానికి సోడియం పెద్దగా అక్కర్లేదు కాబట్టి గింజలో దాన్ని దాచుకోవు. గింజలు, ఆకులు తిని బతికే జంతువులన్నిటికీ ఉన్న ఇబ్బందే ఇది.

ఇక్కడ ఫాస్ఫరస్ సంగతి కూడా చూడాలి. అదే 100 గ్రాముల గింజల్లో ఫాస్ఫరస్ 200 నుంచి 290 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. అంటే కాల్షియానికి పది రెట్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. ఒంటికి అనువైన నిష్పత్తిలో కాల్షియమే పైచేయిగా, ఫాస్ఫరస్‌కు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉండాలి. గింజల్లోని ఫాస్ఫరస్‌లో ఎక్కువ భాగం ఫైటేట్ రూపంలో ఉంటుంది. ఈ ఫైటేట్ పేగులో కాల్షియాన్ని పట్టేసుకుని రెట్టతో బయటికి తీసుకుపోతుంది. కాబట్టి గింజలో ఉన్న ఆ కాస్త కాల్షియం కూడా పూర్తిగా పక్షి చేతికి రాదు.

మామూలు రోజుల్లో ఈ లోటుతోనే ఫించ్ ఎలాగోలా నెట్టుకొస్తుంది. ఎదిగిన పక్షికి ఎముకలు పెరిగే పని ఉండదు, ఖర్చు తక్కువ. గుడ్ల కాలం రాగానే పరిస్థితి తలకిందులవుతుంది.

ఒక్క గుడ్డు లెక్క

జీబ్రా ఫించ్ బరువు సుమారు 12 గ్రాములు, గుడ్డు బరువు దాదాపు ఒక గ్రాము. అందులో పెంకు ఆరు శాతానికి కాస్త అటూ ఇటూ. పెంకు దాదాపు మొత్తం కాల్షియం కార్బొనేట్, అందులో 40 శాతం కాల్షియం. ఈ లెక్కన ఒక గుడ్డు పెంకుకు 20 మిల్లీగ్రాములకు పైగానే కాల్షియం కావాలి. ఆడపక్షి రోజుకొకటి చొప్పున వరుసగా నాలుగు నుంచి ఆరు గుడ్లు పెడుతుంది.

అది రోజుకు మూడు గ్రాముల గింజలు తింటే దొరికే కాల్షియం ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. ఒక్క పెంకుకు సరిపడా కాల్షియం గింజలనుంచే రావాలంటే తన బరువుకు ఎన్నో రెట్లు గింజలు ఒక్క రోజులో తినాలి. జరిగే పని కాదు.

కోడి దగ్గర ఇంకో ఏర్పాటు ఉంది. గుడ్లు పెట్టే కాలంలో ఈస్ట్రోజన్ హార్మోన్ ప్రభావంతో దాని కాళ్ల ఎముకల బోలులో ప్రత్యేకమైన ఎముక పొర ఒకటి ఏర్పడుతుంది. పెంకు తయారయ్యే వేళ అవసరమైతే అందులోంచి కాల్షియం తీసుకుంటుంది. చిన్న పక్షులకు ఈ నిల్వ చాలా తక్కువ. వాటిలో ఒక విడత గుడ్లకు కావలసిన కాల్షియం తల్లి అస్థిపంజరం మొత్తంలో ఉన్నదానికి దగ్గరగా వస్తుంది. కొన్ని జాతుల్లో దాన్ని మించుతుంది. అందువల్ల అవి గుడ్లు పెట్టే రోజుల్లోనే, ఏ రోజు సరుకు ఆ రోజు వెతుక్కుంటాయి. అడవిలో నత్త గుల్లలు, రాలిన పెంకు ముక్కలు, సున్నపు మట్టి వాటి ఆధారం.

ఆ ఆధారం పోతే ఏమవుతుందో నెదర్లాండ్స్ అడవుల్లో కనబడింది. ఆమ్ల వర్షాలవల్ల నేలలో సున్నం తగ్గిపోయి నత్తలు కరువయ్యాయి. అక్కడి గ్రేట్ టిట్ పక్షులు పలచటి, గరుకు పెంకుల గుడ్లు, పెంకే లేని గుడ్లు పెట్టసాగాయి. కొన్ని పక్షులు గుడ్లు పెట్టకుండానే ఖాళీ గూట్లో పొదగడానికి కూర్చున్నాయి. గ్రేవ్‌లాండ్, ఆయన సహచరులు 1994లో నేచర్ పత్రికలో ఈ సంగతి ప్రచురించారు. నత్త గుల్లలు, కోడిగుడ్డు పెంకు ముక్కలు అందించినచోట పెంకుల లోపాలు తగ్గాయి. పంజరంలోని ఫించ్ పరిస్థితి సరిగ్గా నత్తల్లేని ఆ అడవిలాంటిదే. బయట వెతుక్కునే దారి లేదు కాబట్టి మనిషి పెట్టిందే దానికి గతి.

పెంకు రాత్రిపూట తయారవుతుంది

ఫించ్ సాధారణంగా తెల్లవారిన కొద్దిసేపటికి గుడ్డు పెడుతుంది. అంటే పెంకు పేరుకునే పనిలో పెద్ద భాగం అంతకు ముందు రాత్రే, పక్షి తిండి మానేసి నిద్రపోతున్న గంటల్లో జరుగుతుంది. ఆ వేళకు కాల్షియం ఎక్కడినుంచి రావాలి? సాయంత్రం తిన్నది పొట్టలో మిగిలి ఉండాలి, లేదా ఎముకలోంచి రావాలి. పొట్టలో ఉన్నంతవరకు ఎముక జోలికి వెళ్లనక్కర్లేదు.

అందుకే ముక్కకు, పొడికి తేడా ఉంది. మెత్తటి పొడి తొందరగా కరిగి పేగులు దాటిపోతుంది. గరుకు ముక్కలు కందనకాయలో నిలిచి రాత్రంతా కొద్దికొద్దిగా కరుగుతుంటాయి. గుడ్ల కోళ్ల మేతలో పొడి సున్నపురాయితో పాటు పెద్ద ముక్కలు కూడా కలపడం వెనక ఉన్న కారణం ఇదే. ఫించ్‌ల విషయంలో కూడా ఆవగింజంత, అంతకంటే కాస్త చిన్న ముక్కలు ఉత్తమం. గుడ్లు వచ్చే రోజుల్లో సాయంత్రం దీపం తీసేముందు ఈ ముక్కల గిన్నె ఖాళీగా లేకుండా చూసుకోవడం చిన్న పనే, కానీ దాని ఫలితం పెద్దది. ఆడపక్షి చీకటి పడేముందు కటిల్ బోన్ (సముద్రపు నురుగు) మీదికి పదేపదే వెళ్తుంటే కంగారు పడక్కర్లేదు, అది చేయాల్సిన పనే చేస్తోంది.

కాల్షియం చాలనప్పుడు మొదట కనిపించేది పలచటి పెంకు, తర్వాత తోలుగుడ్డు, అంటే పెంకు గట్టిపడని మెత్తటి గుడ్డు. ఆపై వచ్చే ప్రమాదం గుడ్డు ఇరుక్కోవడం. కండరాలు బిగిసి గుడ్డును తోయడానికి కాల్షియం అయాన్లు కావాలి. రక్తంలో అవి తగ్గిపోతే గుడ్డునాళం కండరాలకు బలం చాలదు. పైగా పెంకు మెత్తగా ఉంటే గుడ్డు మీద ఆ తోపు సరిగా పడదు. ఒకే లోటు రెండు వైపులనుంచి దెబ్బతీస్తుంది. ఆడపక్షి ఈకలు ఉబ్బించి పంజరం అడుగున కూర్చుని, తోక ఎగరేస్తూ ముక్కుతుంటే అది గంటల్లో తేలే అత్యవసరం. వెంటనే 30 డిగ్రీల దరిదాపు వెచ్చదనం ఇచ్చి పక్షుల వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి. వైద్యుడు కాల్షియం ఇంజెక్షన్ ఇవ్వగలడు. ఇంట్లో గుడ్డును నొక్కి తీయబోతే అది లోపలే పగిలి పక్షి ప్రాణం పోతుంది.

ఉప్పు మీద ఆశ ఎందుకు

సోడియం లేకుండా నరం పనిచేయదు, కండరం కదలదు, ఒంట్లో నీరు నిలవదు. గుడ్డు తెల్లసొనలో కూడా అది ఉండాలి. గింజల్లో అది దాదాపు లేదని పైన చూశాం. కాబట్టి గింజలు తినే పక్షులకు ఉప్పు మీద మక్కువ ఉండటంలో వింతేమీ లేదు. చలి దేశాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు కోసం క్రాస్‌బిల్, పైన్ సిస్కిన్ లాంటి ఫించ్ కుటుంబపు పక్షులు గుంపులుగా దిగుతాయి. పెరూలోని తంబోపాటా ప్రాంతంలో నది ఒడ్డు మట్టిగోడలను చిలకలు కొరికి తింటాయి. ఆ మట్టిలోని సోడియమే వాటిని రప్పిస్తోందని చాలా పరిశోధనలు చూపించాయి.

ఉప్పు లోటుకు, ఈకలు పీక్కోవడానికి ముడిపెట్టే మాట కూడా గాలిలోంచి పుట్టింది కాదు. కోళ్ల మేతలో ఉప్పు తగ్గితే అవి ఒకదాన్నొకటి పొడుచుకోవడం, ఈకలు పీకడం పెంపకందారులకు బాగా తెలిసిన విషయం. ఫించ్ పెంచేవాళ్లు ఆ అనుభవాన్ని ఇటు తెచ్చుకున్నారు. అయితే జత కట్టిన ఫించ్‌లలో ఈకలు పీకడానికి మామూలు కారణాలు వేరు. పంజరం ఇరుకు కావచ్చు, గూటికి పీచు చాలకపోవచ్చు. ఒక విడత పిల్లలు గూట్లో ఉండగానే తల్లిదండ్రులు రెండో విడతకు సిద్ధపడితే ఆ పిల్లల ఈకలే గూటి సామాను అవుతాయి. అవి చూడకుండా ఉప్పు దిమ్మ తగిలిస్తే ఈకల సమస్య తీరదు, ఇంకో సమస్య తోడవుతుంది.

కోళ్ల మేతలో సోడియం 0.15 నుంచి 0.2 శాతం ఉండాలని ప్రమాణం. ఫించ్‌లకు విడిగా అలాంటి పట్టిక లేక, ఆ అంకెనే అరువు తెచ్చుకుని వాడుతుంటారు. వేగంగా బరువు పెరగడానికో, ఏడాదంతా గుడ్లు పెట్టడానికో పెంచిన కోడి అవసరాన్ని 12 గ్రాముల ఎడారి పక్షికి అతికించడం అంత సబబు కాదు. ఆస్ట్రేలియా ఎండు నేలల్లో పుట్టిన జీబ్రా ఫించ్ ఉన్న ఉప్పును పొదుపుగా వాడుకోగలదు.

ఎక్కువైతే ఏం జరుగుతుంది

సముద్ర పక్షులకు కళ్ల పైన ఉప్పు గ్రంథులు ఉంటాయి. ఒంట్లో చేరిన ఉప్పును అవి చిక్కటి ద్రవంగా ముక్కు రంధ్రాలనుంచి వదిలేస్తాయి. ఫించ్‌ల జాతికి పనిచేసే ఉప్పు గ్రంథులు లేవు. మొత్తం భారం మూత్రపిండాల మీదే పడుతుంది. పక్షి మూత్రపిండం మూత్రాన్ని సాధారణంగా రక్తం కంటే రెండు మూడు రెట్లకు మించి చిక్కబరచలేదు. కాబట్టి ఎక్కువ ఉప్పు బయటికి పోవాలంటే ఎక్కువ నీళ్లు తాగాలి. నీళ్ల గిన్నె ఆ సమయానికి ఖాళీగా ఉంటే ఉప్పు రక్తంలోనే పేరుకుంటుంది. మొదట విపరీతమైన దాహం, నీళ్ల రెట్ట, తర్వాత నీరసం, వణుకు, మూర్ఛలు, చావు.

ఎంత ఎక్కువైతే ప్రమాదం? రోడ్ల ఉప్పు తిని పక్షులు చనిపోతున్నాయా అని తేల్చడానికి ఇంటి పిచ్చుకల మీద చేసిన పరీక్షల్లో, కిలో బరువుకు సుమారు మూడు గ్రాముల ఉప్పు ఒక్కసారిగా లోపలికి వెళ్తే సగం పక్షులు చనిపోయే స్థాయి అని తేలింది. అదే కొలత 12 గ్రాముల పక్షికి వేసుకుంటే 36 మిల్లీగ్రాములు. వంటింట్లో చిటికెడు ఉప్పు అంటే దీనికి ఎన్నో రెట్లు. పిచ్చుక లెక్క ఫించ్‌కు అక్షరాలా సరిపోకపోయినా, ఎంత చిన్న కొలతల గురించి మాట్లాడుతున్నామో దీన్నిబట్టి తెలుస్తుంది.

దీనికి ఎదురు వాదన కూడా ఒకటి ఉంది. జీబ్రా ఫించ్‌లను మెల్లమెల్లగా అలవాటు చేస్తే సముద్రపు నీటికి దగ్గరగా ఉండే ఉప్పు నీళ్లు తాగి కూడా బతికాయని 1960ల నాటి ప్రయోగాలు చూపాయి. దాన్ని పట్టుకుని ఈ పక్షికి ఉప్పు ఏమీ చేయదని చెప్పేవాళ్లున్నారు. ఆ ప్రయోగాలు ఎడారి పక్షి ఓర్పు ఎంతవరకు సాగుతుందో కొలిచినవి. తట్టుకోవడం వేరు, ఆ స్థితిలో గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచడం వేరు. గూట్లో పిల్లల మూత్రపిండాలు ఇంకా పూర్తిగా పనికి రాలేదు, అవి తమంతట తాము వెళ్లి నీళ్లూ తాగలేవు. కోడిపిల్లల్లోనూ పెద్ద కోళ్ల కంటే ఉప్పు దెబ్బ త్వరగా తగులుతుంది. తల్లి ఉప్పు దిమ్మ గీకి వచ్చి ఆ తిండినే పిల్లల నోట్లో కక్కుతుందన్నది మరిచిపోకూడదు.

కలిపి ఇవ్వడంలో అసలు దోషం

పక్షికి ఏది తక్కువైందో దాన్ని వెతికే గుణం ఉంది. గుడ్డు పెట్టబోయే కోడి మామూలు మేతను కాదని ఆల్చిప్పల ముక్కల వైపు వెళ్తుంది, గుడ్లు లేని రోజున వాటిని పెద్దగా ముట్టుకోదు. ఫించ్‌లలో కూడా జత కట్టిన ఆడపక్షి కటిల్ బోన్‌ను గీకే తీరు గుడ్ల రోజుల్లో ఒక్కసారిగా పెరగడం గమనించవచ్చు. ఈ గుణం పనిచేయాలంటే ఒక్కో ఖనిజం ఒక్కో చోట ఉండాలి.

ఉప్పు, కాల్షియం కలిసిన దిమ్మ ముందు పక్షి ఇరకాటంలో పడుతుంది. రోజుకు 20 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం కావాలి. దిమ్మలో పదో వంతు ఉప్పు, మిగతాదంతా కాల్షియం కార్బొనేట్ అనుకుందాం. సరిపడా కాల్షియం కోసం అది 55, 60 మిల్లీగ్రాముల దిమ్మ తినాలి, పేగులో వృథా అయ్యేదాన్ని కూడా లెక్కేస్తే అంతకు రెట్టింపు. దాంతోపాటు రోజూ ఆరు నుంచి పన్నెండు మిల్లీగ్రాముల ఉప్పు వద్దన్నా లోపలికి పోతుంది. లేదంటే ఉప్పు రుచి ముదిరి దిమ్మను మానేస్తుంది, అప్పుడు కాల్షియం లోటు మిగులుతుంది. రెండిట్లో ఏది జరిగినా నష్టపోయేది గుడ్డు పెట్టే పక్షే. ఉప్పు మంచిదా చెడ్డదా అని వాదించుకునే ముందు దాన్ని కాల్షియంతో ముడిపెట్టిన ఈ పద్ధతిని మానుకోవాలి.

నీళ్లలో ఉప్పు కలిపి ఇవ్వడం ఇంతకన్నా తప్పు. అక్కడ ఏరుకునే అవకాశమే లేదు, ఎండ ఎక్కువైన రోజున దాహంతో పాటు ఉప్పు కూడా పెరుగుతుంది. నీళ్లలో కలిపే కాల్షియం ద్రవాలకు కూడా కొంతవరకు ఇదే ఇబ్బంది ఉంది. వైద్యుడు చెప్పిన కొద్ది రోజులకు అవి పనికొస్తాయి గానీ రోజువారీ పద్ధతిగా ముక్కల గిన్నెకు సాటిరావు.

కాల్షియం ఏ రూపంలో

కటిల్ బోన్, అంటే సముద్రపు నురుగు, కటిల్ ఫిష్ లోపలి గుల్ల. దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే, మెత్తగా ఉండి చిన్న ముక్కుకు కూడా లొంగుతుంది. మెత్తటి వైపు పక్షికి ఎదురుగా ఉండేలా, కర్ర పక్కనే కట్టాలి. సముద్రంనుంచి వచ్చింది కాబట్టి దానికి కాస్త ఉప్పు అంటి ఉంటుంది. ఒకటి రెండు రోజులు మంచినీళ్లలో నానబెట్టి, నీళ్లు మారుస్తూ కడిగి ఎండబెడితే అది చాలావరకు పోతుంది.

కోడిగుడ్డు పెంకు అందరికీ దొరికేదే. ఒక పెంకులో సుమారు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది, అంటే దాదాపు వంద జీబ్రా ఫించ్ గుడ్ల పెంకులకు సరిపోయేంత. పది నిమిషాలు బాగా మరిగించి, ఆరబెట్టి నలిపితే చాలు. మరిగించడం సాల్మొనెల్లా భయం పోవడానికి. పెంకు గుడ్డు ఆకారంలో గుర్తుపట్టేట్టు పెట్టకుండా చిన్నగా నలపడం మంచిదని పెంపకందారుల మాట, అది సొంత గుడ్లు పొడిచే అలవాటుకు దారి ఇవ్వకుండా చూసుకోవడం. ఆల్చిప్పల ముక్కలు కూడా ఇదే పని చేస్తాయి. గోడకు వేసే సున్నం మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు, అది నోటిని, పేగును కాల్చేస్తుంది.

కరగని గ్రిట్ అంటే క్వార్ట్జ్, గ్రానైట్ రవ్వలు. ఇవి ఖనిజ ఆహారం కావు, కందనకాయలో గింజ నలగడానికి పనికొచ్చే రాళ్లు మాత్రమే. పావురం గింజను పొట్టుతో మింగుతుంది, దానికి ఆ అవసరం ఉంది. ఫించ్ పొట్టు ఒలుచుకునే తింటుంది కాబట్టి దానికి ఈ రాళ్లు తప్పనిసరి కావు. జబ్బుపడిన పక్షి అవి అతిగా మింగి పేగు మూసుకుపోయిన సందర్భాలున్నాయి.

ఈ పొట్టు ఒలిచే అలవాటే ఇంకో సంగతి కూడా తేలుస్తుంది. ఫించ్ తినేటప్పుడు దగ్గరగా చూస్తే, గింజను ముక్కు అంచున అడ్డంగా నిలిపి, నాలుకతో తిప్పుతూ కింది ముక్కుతో పొట్టును చీలుస్తుంది. పొట్టు రెండు చెక్కలై పక్కనుంచి రాలిపోతుంది, పప్పు ఒక్కటే లోపలికి పోతుంది. ఎండు గింజల మీద చల్లిన ఖరీదైన మినరల్ పౌడర్ ఆ పొట్టుతోనే రాలిపోతుంది. మిగిలింది గిన్నె అడుగుకు చేరుతుంది. పౌడర్ వాడాలంటే తడి తిండికి, అంటే ఎగ్ ఫుడ్‌కు, మొలకెత్తిన గింజలకు, తడి ఆకుకు అంటించాలి. ఆకుకూరల్లోనూ తేడా ఉంది. పాలకూర, తోటకూరల్లోని ఆక్సలేట్లు కాల్షియాన్ని కట్టేస్తాయి, గుడ్ల రోజుల్లో వాటిమీద ఆధారపడటం లాభం లేదు.

డి3 లేకపోతే అంతా వృథా

పేగులోంచి కాల్షియాన్ని రక్తంలోకి మోసే ప్రొటీన్ తయారవ్వాలంటే డి3 విటమిన్ కావాలి. మొక్కలనుంచి వచ్చే డి2 పక్షులకు దాదాపు పనికిరాదు. ఎండలోని యూవీబీ (ఒక రకం అతినీలలోహిత) కిరణాలు చర్మానికి తగిలితే డి3 ఒంట్లోనే తయారవుతుంది. మామూలు కిటికీ అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది. అద్దం వెనక బాగా వెలుగు పడే చోట పంజరం ఉంటే ఎండ తగులుతోందనే అనిపిస్తుంది, డి3 వరకు చూస్తే అది నీడే. గిన్నెనిండా కటిల్ బోన్ ఉన్నా తోలుగుడ్లు వస్తున్నాయంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. ఇంట్లోనే ఉండే జతకు యూవీబీ దీపం గానీ, డి3 ఉన్న పౌడర్ గానీ అవసరం.

కటిల్ బోన్ పక్షి కావలసినంతే గీక్కుంటుంది, డి3కి అలాంటి అదుపు లేదు. అది ఒంట్లో నిల్వ ఉండిపోతుంది. మోతాదు మించితే కాల్షియం మూత్రపిండాల్లో, రక్తనాళాల్లో పేరుకుని పక్షి నెమ్మదిగా కుంగిపోతుంది. రెండు మూడు కంపెనీల పౌడర్లు ఒకేసారి వాడితే ఈ పొరపాటు తెలియకుండానే జరుగుతుంది.

ఎగ్ ఫుడ్ తీర్చేది, తీర్చనిది

ఉడికించిన కోడిగుడ్డులో 100 గ్రాములకు 120 మిల్లీగ్రాములకు పైగా సోడియం ఉంటుంది, గింజలతో పోలిస్తే ఇరవై రెట్లకు పైనే. గుడ్ల కాలంలో రోజూ కాస్త ఎగ్ ఫుడ్ తినే జతకు విడిగా ఉప్పు పెట్టాల్సిన అవసరం చాలావరకు ఉండదు. బ్రెడ్ లేదా రస్కు పొడి కలిపిన ఎగ్ ఫుడ్ అయితే వాటిలో ఉప్పు ముందే ఉంటుంది.

కాల్షియం సంగతి మాత్రం తిరగబడుతుంది. పెంకు తీసిన గుడ్డులో కాల్షియం 50 మిల్లీగ్రాముల దగ్గర, ఫాస్ఫరస్ దానికి మూడు నాలుగు రెట్లు. ఎగ్ ఫుడ్ పెడుతున్నాం కదా అని కాల్షియం గిన్నె తీసేస్తే నిష్పత్తి ఇంకా చెడుతుంది. ఉడికించిన గుడ్డును పెంకుతో సహా నలిపి పెడితే ఈ సమస్య అక్కడికక్కడే తీరుతుంది.

ఎగ్ ఫుడ్ ముట్టని, గింజలకే అలవాటుపడిన జతలు కొన్ని ఉంటాయి. వాటికి వేరే చిన్న గిన్నెలో కొద్దిపాటి ఉప్పు రవ్వ కలిపిన మినరల్ గ్రిట్ పెట్టవచ్చు. కాల్షియం గిన్నెకు దూరంగా, పక్కన ఎప్పుడూ మంచినీళ్లు ఉండేలా చూసి, పక్షులు ఎంత తింటున్నాయో గమనించాలి. ఎన్నాళ్లుగానో ఉప్పు లేని పక్షి మొదటి రోజు అతిగా ఎగబడవచ్చు కాబట్టి మొదట కొన్ని రవ్వలే వేయాలి.

మిగతా ఖనిజాలు

అయోడిన్ తగ్గితే బడ్జీలకు (ఒక రకం చిన్న చిలకలు) గొంతు దగ్గర థైరాయిడ్ వాచి ఊపిరి ఆడకపోవడం పాత కాలంనుంచీ తెలిసిందే. ఫించ్‌లలో గౌల్డియన్ అనే రకానికి తల మీద ఈకలు రాలితే అయోడిన్ లోటే కారణమని కొందరు అంటారు, కానీ పురుగులు, ఈకలు మార్చుకునే కాలపు ఒత్తిడి కూడా అలాగే కనిపిస్తాయి. సముద్రపు నాచు పొడి చాలా కొద్దిగా వాడితే ఆ లోటు పూడుతుంది. మాంగనీస్, జింక్ లాంటివి డి3 పౌడర్లలో ఉంటాయి. గాల్వనైజ్డ్, అంటే జింక్ పూత ఉన్న తీగను కొరికే పక్షికి జింక్ ఎక్కువై విషమవుతుంది కూడా. కొందరు పెట్టే బొగ్గు ఖనిజాలేమీ ఇవ్వదు, పైగా ఇతర పోషకాలను పట్టేసుకుంటుంది.

పిల్లలు బయటికొచ్చాక

జీబ్రా ఫించ్ గుడ్లు 12 నుంచి 14 రోజుల్లో పగిలి పిల్లలు బయటికొస్తాయి, పిల్లలు మూడు వారాలకు గూడు దాటుతాయి. ఆ మూడు వారాల్లో వాటి బరువు పది రెట్లకు పైగా పెరుగుతుంది. ఎముకల్లోని కాల్షియంలో ఎక్కువ భాగం గుడ్డులోంచి బయటికొచ్చిన తర్వాతే చేరుతుంది. అందువల్ల గుడ్లు అయిపోయాయని కాల్షియం గిన్నె తీసేయడం తప్పు, పిల్లల కాళ్లు వంకరపోయేది అప్పుడే. ఇక్కడ పనిచేసేది తండ్రి కూడా, ఇద్దరూ కలిసే మేపుతారు కాబట్టి గిన్నె ఇద్దరికీ అందేచోట ఉండాలి. అలాగని గుడ్ల కోళ్ల మేతను పిల్లలున్న జతకు పెట్టకూడదు. అందులో మూడున్నర నుంచి నాలుగు శాతం కాల్షియం కలిసే ఉంటుంది, ఏరుకునే వీలు లేదు. పెరిగే కోడిపిల్లలకు అదే మేత పెడితే మూత్రపిండాలు దెబ్బతిని యూరిక్ ఆమ్లం పేరుకుంటుంది.

పిల్లలు సొంతంగా తినడం మొదలెట్టాక ఎగ్ ఫుడ్‌ను మెల్లగా తగ్గించాలి. మాంసకృత్తులు, కాల్షియం పుష్కలంగా ఉన్నంతకాలం జీబ్రా ఫించ్‌లు ఆపకుండా గుడ్లు పెడుతూనే పోతాయి. ఎముకల్లోంచి పోయిన కాల్షియం తిరిగి చేరడానికి వ్యవధి కావాలి. రెండు మూడు విడతల తర్వాత గూడు తీసేసి, అవసరమైతే ఆడా మగా వేరు చేసి, కొన్ని నెలలు గింజలు, ఆకులు, కటిల్ బోన్‌తోనే ఉంచాలి. గూడు లేకపోయినా తిండి గిన్నెలోనే గుడ్డు పెట్టే ఆడపక్షికి మాత్రం కాల్షియం ఆపకుండా, వెలుగు గంటలు, ఎగ్ ఫుడ్ తగ్గించడమే మార్గం.